దుకాణం బోర్డు మీద 'స్టేషనరీ'కి ఏ రాయించాలా, ఈ రాయించాలా?

పాలకొల్లులో మాది నోటుపుస్తకాలు, పెన్నుల కొట్టు. 17 ఏళ్ల నాటి బోర్డు వానలకు తుప్పు పట్టిపోతే కొత్త రేకు మీద రాయిస్తున్నాను. పెయింటరు నీలం రంగుతో 'స్టేషన్' వరకు ఇంగ్లీషులో రాసి, నిచ్చెన మీద నుంచే "బాబుగారూ, తరువాత ఏ అక్షరమా, ఈ అక్షరమా?" అన్నాడు. పాత బోర్డులో ఏ ఉంది, బిల్లు పుస్తకంలో ఈ ఉంది. రెండూ నేను దగ్గరుండి రాయించినవే! అతను టీ తాగి వచ్చేలోగా ఎవరైనా తేల్చండి.

అమలాపురం నుంచి ఒక పాత ఇంగ్లీషు మాస్టారు:
మీ కొట్టుకు ఈ. కదలకుండా ఉన్నదని చెప్పే మాటకు ఏ. చెవికి రెండూ ఒకటే. 'ఆగి ఉన్నది' ఆ-తో మొదలవుతుంది కనుక ఏ అని మా పిల్లలకు చెప్పేవాణ్ణి. లాకుల దగ్గర గేటు తెరిచేదాకా ఆగిన పడవను తలచుకోండి. నిజానికి ఈ రెండూ ఒక తల్లి పిల్లలే. మధ్యయుగపు ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్ముకునేవారి నుంచి వేరుచేస్తూ, ఒకేచోట కొట్టు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని స్టేషనర్ అన్నారు. అతని సరుకుకూ ఆ పేరే వచ్చింది. ఆ లెక్కన మీరూ కదలని మనిషే, అయినా బోర్డు మీద ఈ!

భీమవరం నుంచి:
మాస్టారూ, 'అమ్మేది' కూడా అ-తోనే కదా? నాలాంటివాడు పరీక్షలో అక్కడే బోల్తా పడతాడు.

మాస్టారు:
ఒప్పుకున్నాను. అయితే ఇలా పట్టుకోండి: 'పేపర్' చివర ఉన్న ఈ, ఆర్ కాగితాల కొట్టు మాటలోనూ వస్తాయి. నా అ-చిట్కా 'ప్రిన్సిపల్'కు బాగా పనికొస్తుంది. బ్యాంకు అప్పులో 'అసలు'కూ, కాలేజీ పెద్దకూ ఒకటే స్పెల్లింగు, చివర ఏ, ఎల్. నియమం అనే అర్థమున్న మాటకు ఎల్, ఈ.

పాలకొల్లు నుంచి మళ్లీ:
ఈ వేయించాను, ధన్యవాదాలు మాస్టారూ. ఇంతలో మా అమ్మాయి పాత బోర్డు కింది వరుస చదివి ఒకటే నవ్వు. 'వెస్ట్ గోదావరి'కి వి అక్షరం పెట్టించానట, అలా రాస్తే బనియను అని అర్థమట! మన 'వ'కు రెండూ ఒకటే కనుక నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఇన్నేళ్లూ బనియన్ గోదావరి జిల్లాలో వ్యాపారం చేశాను. ఇప్పుడు డబ్ల్యూ పెట్టమంటే, అది వెడల్పు అక్షరం, రేకు చాలదని పెయింటరు గొణుగుతున్నాడు.