పక్కకి తిరిగితే తల తిరుగుడు: ఆక్యుపంక్చర్, చైనా మూలికలు పనిచేస్తాయా?

బ్రోడీపేట_కోడలు:
మా అత్తగారికి 61 ఏళ్ళు, ఉండేది గుంటూరులో. మంచం మీద కుడి పక్కకి తిరిగినా, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా గది గిర్రున తిరుగుతుందంటున్నారు. అర నిమిషంలో తగ్గుతుంది గానీ పూటంతా వికారం. చెవిలో హోరు లేదు, వినికిడి బాగానే ఉంది. తల తిరుగుడు మాత్ర వెర్టిన్ 16 వాడుతున్నా తేడా లేదు. బీపీకి టెల్మిసార్టాన్, గుండెకి ఎకోస్ప్రిన్ 75 వేసుకుంటారు. విజయవాడలో ఒక ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో నాడి, నాలుక చూసి "కఫం" అన్నారు. పది సిట్టింగులు, దాంతో పాటు చైనా మూలికల పొడి ఇస్తారట. సూదులు ఎక్కడ పెడతారు, ఆ పొడి ఈ మాత్రలతో పడుతుందా?

బెజవాడ_ఫిజియో:
సూదుల సంగతి తర్వాత చూద్దామండీ. మీరు చెప్పిన తీరు బీపీపీవీలా ఉంది, అంటే తల కదిపినప్పుడల్లా కాసేపు వచ్చే తిరుగుడు. లోపలి చెవిలో ఒకచోట అతుక్కుని ఉండాల్సిన కాల్షియం రేణువులు ఊడి, అర్ధవృత్తాకార నాళంలోకి జారతాయి. తల కదిలినప్పుడు అవి దొర్లి అక్కడి ద్రవాన్ని కదుపుతాయి, మెదడు దాన్ని తిరుగుడు అనుకుంటుంది. వాటిని వెర్టిన్ వెనక్కి పంపలేదు, సూదీ పంపలేదు.

ముందు ఈఎన్‌టీ దగ్గర డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేయించండి. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో రెండడుగులకో ఈఎన్‌టీ ఉంటారు. తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్ళు గమనిస్తారు. కొన్ని సెకన్లాగి కనుగుడ్లు మెలితిరుగుతూ పైకి కొట్టుకుంటే వెనక నాళం అన్నమాట. దానికి ఎప్లీ పద్ధతి, అంటే తలని వరసగా తిప్పుతూ రేణువుల్ని వెనక్కి పంపడం. అడ్డంగా కొట్టుకుంటే పక్క నాళం, దానికి ఎప్లీ పనికిరాదు, వేరే పద్ధతి ఉంది.

కుడి చెవికి ఎప్లీ ఇలా: మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి తల కుడికి 45 డిగ్రీలు తిప్పాలి. అలాగే వెనక్కి పడుకోబెడితే తల కొంచెం కిందికి వాలాలి, కాబట్టి దిండు భుజాల కింద ఉండాలి. తల కింద పెట్టి చేసి "పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. తిరుగుడు ఆగాక ఇంకో అర నిమిషం ఉంచండి. తల లేపకుండా ఎడమకి 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ అంతసేపు. తర్వాత ఒళ్ళంతా ఎడమ పక్కకి తిప్పి, ముక్కు నేల వైపు చూసేలా మరో నిమిషం. చివర గడ్డం ఛాతీకి ఆనించి, మెల్లగా లేపి కూర్చోబెట్టాలి. మధ్యలో తల ఎత్తినా, తొందరపడి ఒక దశ నుంచి ఇంకోదానికి దూకినా రేణువులు వెనక్కి జారిపోతాయి. తిన్న రెండు గంటల దాకా చేయకండి, వాంతి ఖాయం. మొదటిసారి డాక్టరు ముందే జరగాలి. మెడ ఎముక అరుగుదలో, రెటీనా ఊడిన చరిత్రో ఉంటే ముందే చెప్పండి.

మాట ముద్దగా రావడం, మూతి వంకర, ఒక చెయ్యి బలం తగ్గడం, చూపు రెండుగా కనపడడం, నిలబడలేకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి: ఇందులో ఏ ఒక్కటి ఉన్నా క్లినిక్కూ వద్దు, ఎప్లీ వద్దు. 108 పిలవండి.

సూది_మొన:
ఫిజియో గారి మాటే నాదీ. రేణువులు సర్దాకే సూదులు. సూదులు మేలు చేసే చోటు ఆ వికారం దగ్గర. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి పీ6 అనే ఆక్యుపంక్చర్ బిందువు మీద చాలా పరిశోధన ఉంది. తిరుగుడుకి ఉన్న ఆధారాలు అంత గట్టివి కావు, పది సిట్టింగుల డబ్బు ముందే కట్టకండి.

కఫం అంటే చైనా వైద్యం లెక్కలో తల బరువు, వికారం, నాలుక మీద మందపు పాచి. సాధారణంగా పీ6, జీబీ20, జీవీ20, ఎస్‌టీ40 వాడతారు. పీ6 మణికట్టు గీత నుంచి మూడు వేళ్ళ వెడల్పు పైన, రెండు స్నాయువుల మధ్య. ఇంట్లో బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కవచ్చు. ఎస్‌టీ40 మోకాలికీ చీలమండకీ సరిగ్గా మధ్యలో, కాలి ముందు ఎముక నుంచి రెండు వేళ్ళు బయటికి. జీవీ20 నడినెత్తిన.

జాగ్రత్త పడాల్సింది జీబీ20 దగ్గర: పుర్రె అంచు కింద, మెడ కండరాల మధ్య గుంట. సూది ముక్కు కొన వైపు, తక్కువ లోతులో పోవాలి. లోతుగా, పైకి పోతే మెదడు కాండం ఉంది. అక్కడ ఎవరు పెడతారో, వాళ్ళ చదువేమిటో అడగండి. బోర్లా పడుకోబెడతామంటే వద్దనండి, ఆ తిరగడంలోనే మళ్ళీ మొదలవుతుంది. ఎడమ పక్కకి పడుకోబెట్టమనండి. సూదులు 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. ఖాళీ కడుపుతో పంపితే సూది పెట్టగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి. సూది కొత్త ప్యాకెట్ మీ ముందే చించాలి. రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే ఎకోస్ప్రిన్ వాడుతున్నారు కాబట్టి తీసిన చోట దూదితో కాసేపు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రక్తం తీసే కప్పింగ్ మాత్రం వద్దు.

కల్వం_రోలు:
పొడి గురించి. కఫానికి ఎక్కువగా ఇచ్చేది బాన్‌షియా, బాయ్‌జు, తియాన్మా అనే మూలికలు కలిసిన మందు. బాన్‌షియా పచ్చిగా విషం, శుద్ధి చేసిందే వాడాలి. అందులో అతిమధురం కూడా కలుపుతారు. అది రోజుల తరబడి వాడితే ఒంట్లో నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ మాత్ర వేసుకునే మనిషి జాగ్రత్త పడటానికి ఈ ఒక్క కారణం చాలు. పొట్లం మీద ప్రతి మూలిక పేరు, గ్రాములు రాసివ్వమనండి. "మా ఫార్ములా, చెప్పం" అంటే తీసుకోకండి. అరిస్టోలోకియా జాతి మూలికలు కిడ్నీలను పాడు చేస్తాయి, పేరు లేని పొడిలో ఏముందో ఎలా తెలుస్తుంది? రాసిన చీటీ గుండె డాక్టరుకి చూపించండి. ఆ పొడి కోసం టెల్మిసార్టాన్, ఎకోస్ప్రిన్ ఆపొద్దు.

బ్రోడీపేట_కోడలు:
చాలా థాంక్స్ అండీ. అత్తగారికి మెడ నొప్పి పాతదే ఉంది. అయితే ఎప్లీ ఎలా?

బెజవాడ_ఫిజియో:
అప్పుడు తల కిందికి వాల్చకుండా చేసే సెమాంట్ పద్ధతి ఉంది, మంచం అంచున కూర్చోబెట్టి పక్కకి పడుకోబెడతారు. ఏది సరిపోతుందో మెడ చూసి డాక్టరే నిర్ణయించాలి. సర్దాక ఒకటి రెండు రోజులు తల తేలినట్టు ఉండటం మామూలే. వారం తర్వాత కూడా పక్కకి తిరిగితే తిరుగుతుంటే మళ్ళీ చేయించండి, కొందరికి రెండు మూడు సార్లు పడుతుంది. అంతవరకూ అటక మీది డబ్బాలు కిందికి దించి పెట్టండి. రాత్రి బాత్రూముకి వెళ్ళేటప్పుడు లైటు వేయండి, లేచేముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోమనండి.