ఈ వేసవి అంచనా చూశారా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కోవూరు_కయ్య:
ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన వైపు వడగాలి రోజులు మామూలు కంటే ఎక్కువే ఉంటాయంట. మధ్యమధ్యలో పిడుగులతో గాలివానలు కూడా పడొచ్చని అంచనా వచ్చింది. మాకు నాలుగెకరాల వరి ఉంది, ఇంకో పది రోజుల్లో కోతకొస్తుంది. నాన్నకి 68 ఏళ్ళు, బీపీ ఉంది, కయ్య దగ్గర నుంచి కదలడు. ఫోన్‌లో 39 అని చూపిస్తే ‘నలభై కూడా లేదు గదా, ఏం కాదులే’ అంటాడు. ఎండకి భయపడాలో వానకి భయపడాలో తెలీక టెన్షన్‌గా ఉంది. మీరెలా చూసుకుంటున్నారు?

ఒంగోలు_డాబా:
తమ్ముడూ, మూడు నెలల అంచనా చూసి కోత తేదీ పెట్టుకోవద్దు. అది సీజన్ మొత్తం తీరు చెబుతుంది, ఏ రోజు ఏమవుతుందో చెప్పదు. కోతకి నాలుగైదు రోజుల ముందు నుంచి రోజూ వచ్చే హెచ్చరికలు చూడు. మబ్బు పట్టిన రోజున రాబోయే మూడు గంటలకి ఇచ్చే సమాచారం చూడు.

39 సంగతి నాన్నగారికి ఇలా చెప్పు. మైదానాల్లో 40కి చేరితేనే వడగాలి లెక్కలోకి తీసుకుంటారు. తీరంలో అలా కాదు. 37 ఉండి, ఆ రోజుకి మామూలుగా ఉండాల్సిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలే. గాల్లో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు.

నేనైతే అంకె కంటే గాలిని ఎక్కువ నమ్ముతాను. మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగితే ఆ పూట ఉక్కపోతతో పోతుంది. పడమటి గాలి బలంగా కొట్టి దాన్ని లోపలికి రానీయని రోజే ప్రమాదం. అలాంటి రోజున మేడ మీద తడి దుప్పటి ఆరేస్తే అరగంటకి అట్టలా బిగుసుకుపోతుంది. రాత్రి తొమ్మిదికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. 2015 మేలో వరసగా ఇలాంటి రోజులే చూశాం. రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు, బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. అందులో మా వీధి ముసలాయన ఉన్నాడు, అందుకే ఇంత చెబుతున్నా.

దర్శి_అక్క:
పోయినేడు మా మామయ్యకి జరిగింది చెబుతా, ఎవరికైనా పనికొస్తుంది. పొద్దుటి నుంచి పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఉండి మూడింటికి ఇంటికొచ్చాడు. గేటు గొళ్ళెం పట్టుకుని తీయడం తెలియనట్టు అలాగే నిలబడిపోయాడు. ఏంది మామయ్యా అంటే నన్ను మా అత్త పేరుతో పిలిచాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు.

పక్కింటాయన చెంబుతో నోట్లో నీళ్ళు పోయబోతే నేనే ఆపాను. తెలివి సరిగా లేని మనిషికి పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేపచెట్టు కింద నులక మంచం వేసి, చొక్కా తీసేసి, ఒళ్ళంతా నీళ్ళు గుమ్మరించాం. మెడ దగ్గర, చంకల్లో తడిగుడ్డలు పెట్టి, ఇద్దరం విసనకర్రలతో విసురుతూనే ఉన్నాం. 108 వచ్చేసరికి కళ్ళు తెరిచి చూశాడు. మొదట తీసుకెళ్ళిన చోట అరగంట బయటే కూర్చోబెట్టారు, అక్కడ కూడా తడిగుడ్డ తీయలేదు నేను. బతికాడు. మాట తడబడినా, మనిషి తికమకపడినా మజ్జిగతో సరిపెట్టకండి, అది వడదెబ్బే. ఒళ్ళు చల్లబరుస్తూనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

పొదలకూరు_నిమ్మతోట:
ఎండ, వాన వేరు వేరు అనుకోవద్దన్నా. పగలంతా నేల కాగి, పడమటి పొడి గాలికి సాయంత్రం సముద్రపు తేమ గాలి ఎదురైతే అక్కడే మేఘం నిలువునా లేస్తుంది. బాగా కాగిన రోజు నాలుగు దాటాక వెలిగొండల వైపు ఒక చూపు వేసి ఉంచాలి. తెల్లగా కాలీఫ్లవర్‌లా పొంగి అడుగు నల్లబడిందంటే తోటలో ఉండను.

రెండేళ్ళ కింద మా పక్క చేలో గొర్రెల మందని చినుకులకి చింతచెట్టు కిందకి తోలారు. పిడుగు పడి తొమ్మిది గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. మనిషి ఇవతల గట్టు మీద ఉండి బతికిపోయాడు. ఆయన తర్వాత నెల రోజులు ఆ చెట్టు వైపు వెళ్ళలేదు. మెరుపు కనబడ్డాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. పక్కా ఇంట్లోకి పోవాలి, చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట ఆగాలి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది.

అల్లూరు_రొయ్యలు:
రొయ్యల చెరువులోళ్ళకి కూడా ఒక మాట. ఎండల మధ్యలో ఒక్కసారి గట్టి వాన పడితే మంచినీళ్ళు పైన పొరలా నిలిచిపోతాయి, అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ రాత్రి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకండి, మేత తగ్గించండి. గాలివానకి కరెంటు పోతుంది కాబట్టి జనరేటర్‌లో డీజిల్ ముందే ఉండాలి. ఒకసారి అది చూసుకోక తెల్లారేసరికి సగం చెరువు పోగొట్టుకున్నా.

కోవూరు_కయ్య:
అందరికీ దండాలు. అక్క రాసింది నాన్నకి చదివి వినిపించా. గొళ్ళెం దగ్గర ఆగి, మళ్ళీ చదవమన్నాడు. మంచు ఆరాక ఎనిమిదింటికి కోత మిషన్ దింపి, పదకొండుకి ఆయన్ని ఇంటికి పంపించేట్టు ఒప్పుకున్నాడు. తర్వాత నేను చూసుకుంటా. వడ్లు ఆరబోసేది రోడ్డు పక్కనే, వాన వస్తే కప్పడానికి రెండు పట్టలు తక్కువ పడుతున్నాయి. కోవూరు, బుచ్చి వైపు ఎవరి దగ్గరన్నా ఖాళీగా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తా.

పొదలకూరు_నిమ్మతోట:
మా దగ్గర ఒకటుంది, పెద్దదే. ఆదివారం నెల్లూరు వస్తున్నా, బండిలో వేసుకొస్తా.