మా విలన్ రెండు రౌండ్లకే పడిపోతున్నాడు, హీరోలకి ఊరితో పనే లేదు: సలహా కావాలి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి, కొత్తగా ఆట నడుపుతున్నవాణ్ణి)

అందరికీ నమస్కారం. మేం ఐదుగురం. ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద కూర్చుని సూపర్ హీరో రోల్ ప్లే ఆట (ఒక్కొక్కరు ఒక పాత్ర అయి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాం. నలుగురు హీరోలుగా ఆడతారు, నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపి విలన్లని ఆడించేవాణ్ణి. రూల్స్ ముటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ఎడిషన్‌వి. పవర్ లెవెల్ (హీరో బలానికి హద్దు) 8, హీరోని తయారుచేసుకోవడానికి తలకి 120 పాయింట్లు.

మొదట ఏదో అమెరికా నగరం ఊహించుకుని ఆడాం. మూడు వారాలకే అందరికీ నీరసం వచ్చింది. ఆ వీధులు మాకెవరికీ తెలీవు కదా. అందుకని కథని మా ఊరికే తెచ్చేశాను. మహేంద్రతనయ, కోట, పాతపట్నం రోడ్డు, వెనకాల మహేంద్రగిరి. ఇది బాగానే నచ్చింది. కానీ రెండు చోట్ల ఇరుక్కుపోయాను.

ఒకటి, విలన్. అగ్నికేతు అని ఒకణ్ణి రెండు వారాలు కూర్చుని రాశాను. కొండ మీంచి దిగి నిప్పులు కురిపిస్తాడు. నలుగురూ చుట్టుముట్టారు, రెండో రౌండ్‌లో పడిపోయాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు, హీరోలు. నలుగురిలో ముగ్గురికి అమ్మానాన్నా లేరు, పగ తీర్చుకోవాలి. నాలుగోవాడికి గతమే గుర్తులేదు. ఊరు తగలబడుతున్నా వాళ్ళకి పట్టదు, ఎందుకంటే ఊళ్ళో వాళ్ళకి ఎవరూ లేరు.

వచ్చే ఆదివారంలోగా ఏదైనా చెయ్యాలి. పెద్దలు దారి చూపించండి.

జవాబు (బరంపురం)

తమ్ముడూ, రెండు రౌండ్ల సంగతి ముందు చూద్దాం, అది ఉత్త లెక్క. హీరోల డ్యామేజ్ (దెబ్బ బలం) 8 అనుకో. విలన్ ఆపుకోవాల్సిన సంఖ్య 15 కలిపి 23. అతని టఫ్‌నెస్ (దెబ్బ ఓర్చుకునే బలం) 10 అయితే ఇరవై ముఖాల పాచిక మీద 13 పడాలి. పడకపోతే ఆ దెబ్బ గుర్తుగా ఒకటి తగ్గుతుంది, తర్వాతి దెబ్బకి 14 కావాలి, ఆపైన 15. ఒక్క రౌండ్‌లో నాలుగు దెబ్బలు తింటున్నాడు, తిరిగి కొట్టేది ఒక్కటి. ఎవడు నిలబడతాడు?

ఒంటరిగా వచ్చే విలన్‌ని పవర్ లెవెల్ 10 దగ్గర పెట్టు. విలన్‌కి పాయింట్ల లెక్క అక్కర్లేదు, లెవెల్ హద్దు దాటకపోతే చాలు. దాడి, దెబ్బ కలిపి 20 దాటకూడదు, డాడ్జ్ (తప్పించుకునే నేర్పు), టఫ్‌నెస్ కలిపి 20 దాటకూడదు. చుట్టూ మినియన్లని, అంటే చిన్న అనుచరుల్ని పెట్టు. వాళ్ళు ఒక్క దెబ్బకే పడిపోతారు, కానీ హీరోల వంతులు తినేస్తారు.

అన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటుంది. కొట్టడం కాకుండా హీరోలకి వేరే పని ఇవ్వు. వంతెన మీద బస్సు ఒరిగింది, లోపల జనం ఉన్నారు. ఇద్దరు బస్సు దగ్గరికి పోతే విలన్ మీద ఇద్దరే మిగులుతారు. విలన్ తప్పించుకు తీరాలని నువ్వు రూల్‌ని పక్కన పెడితే మాత్రం మొహమాటపడకుండా తలో హీరో పాయింట్ (పాచిక మళ్ళీ వేసుకోవడం లాంటి వాటికి వాడుకునేది) ఇచ్చెయ్. వాళ్ళకి అన్యాయం జరిగినట్టు ఉండదు.

హీరోల గురించి గుణుపురం అన్న చెప్తారు, నాకంటే ఆయనకే బాగా తెలుసు.

జవాబు (గుణుపురం)

బాబూ, బరంపురం తమ్ముడు చెప్పిన లెక్క సరైనదే. కానీ నీ అగ్నికేతు పవర్ లెవెల్ 14 అయినా గుర్తుండడు. అతనికేం కావాలో నువ్వు రాయలేదు. నిప్పు కురిపించడం శక్తి, కోరిక కాదు. నేను ఈ ఆట పన్నెండేళ్ళుగా నడుపుతున్నాను. మొదటి నాలుగేళ్ళు నేనూ శక్తి దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు శక్తి చివర రాస్తాను.

ఆటగాళ్ళతో ఒక పూట కూర్చో, పాచికలు బయటికి తియ్యకు. ఒక్కొక్కళ్ళని మూడు అడుగు. రేపు పొద్దున్న నీ హీరో కనబడకపోతే మొట్టమొదట ఎవరు వెతుకుతారు? వారానికోసారి పాతపట్నం ఎందుకు వెళ్తాడు? ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, కోపం వస్తే ఏ భాష? మూడోది మనలాంటి చోటే అడగ్గలం. ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఒరియా, సంతలో రెండూ కలిపి మాట్లాడే పిల్ల దగ్గర సగం హీరో అప్పటికే ఉంది.

నా ఆటలో అలా పుట్టిందే దుబాసీ. ఇంటర్ చదివే అమ్మాయి. ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ళ భాష, వాళ్ళ గొంతు, వాళ్ళు పైకి చెప్పలేని మాటతో సహా ఆమె నోట్లోంచి వస్తాయి. గొప్ప శక్తే. మరి ధర? అలా పలికాక గంటసేపు తన సొంత మాట దొరకదు. అమ్మ పిలిచినా అమ్మకి అర్థమయ్యేలా జవాబు చెప్పలేదు. దీన్ని కాంప్లికేషన్‌గా, అంటే హీరోకి కథలో ఎదురయ్యే చిక్కుగా రాశాం. అది కథలో అడ్డం తగిలినప్పుడల్లా ఆటగాడికి ఒక హీరో పాయింట్. చూశావా, 'అమ్మానాన్న లేరు' అనేది కాంప్లికేషన్‌గా పనికిరాదు. అది ఎప్పుడో జరిగిపోయింది. బల్ల దగ్గర మళ్ళీ మళ్ళీ జరిగేదే పనికొస్తుంది.

ఇంకొకాయన రిటైరైన గ్యాంగ్‌మన్. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడింది, తర్వాత మా గుణుపురం దాకా పొడిగించారు. ఆ సన్న పట్టాలు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడికల్లా ఆయన కన్ను మూసి తెరిచేలోగా వెళ్ళగలడు. ఆ దారి దాటి అడుగు కూడా పోలేడు. ఇక్కడ హద్దే శక్తికి రుచి. 'ఎక్కడికైనా మాయమైపోతాడు' అని రాసి ఉంటే రెండో వారానికే మర్చిపోయేవాళ్ళం.

ఇప్పుడు విలన్. మన ఊళ్ళని కోసింది ఏమిటో ఆలోచించు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఎస్టేట్ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం, టెక్కలి అటు మద్రాసులో ఉండిపోయాయి. అన్న ఇటు, తమ్ముడు అటు, పొలం మధ్యలో. కోరాపుట్ జిల్లా కొటియా పల్లెల మీద రెండు రాష్ట్రాలూ ఇవాళ్టికీ హక్కు చెప్పుకుంటున్నాయి. ఈ నేల మీద విలన్ నిప్పు పట్టుకుని రానక్కర్లేదు, కొలత గొలుసు పట్టుకుని వస్తే చాలు.

అతని పేరు అమీను. మన వైపు భూమి కొలిచేవాణ్ణి అమీన్ అనే అంటాం కదా. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు రెండు వైపుల ఆఫీసులూ తిరిగాడు. ఇక్కడికెళ్తే అక్కడ అడగమన్నారు, అక్కడికెళ్తే ఇక్కడ అడగమన్నారు. పట్టా చేతికి రాకుండానే పోయాడు. కొడుకు అమీన్ ఉద్యోగమే సంపాదించాడు. అతని కోరిక ఒక్కటే: ఏ కాగితమూ ఏ మనిషినీ తన పొలం నుంచి వెళ్ళగొట్టకూడదు. ఈ కోరికలో తప్పు పట్టు చూద్దాం. పట్టలేవు. తప్పు దారిలో ఉంది. అతను గొలుసుతో చుట్టిన నేల కాగితాల్లోంచి చెరిగిపోతుంది, అందులో ఉన్నవాళ్ళు బయటికి రాలేరు. తన దృష్టిలో వాళ్ళని కాపాడుతున్నాడు.

రూల్స్‌లో ఇది అఫ్లిక్షన్ (ఎదుటివాణ్ణి కట్టిపడేసే శక్తి), ర్యాంక్ (శక్తి స్థాయి) 10, ఏరియా (ఆ చోటంతా తగిలేది), విల్‌తో (మనోబలంతో) ఆపుకోవాలి. ఆపుకోవాల్సిన సంఖ్య 10 కలిపి 20. కొద్దిగా తప్పితే కాళ్ళు బరువెక్కి వేగం సగమవుతుంది, ఇంకా తప్పితే కదల్లేరు, మరీ తప్పితే బిగుసుకుపోతారు. నీ నలుగురిలో విల్ తక్కువున్నవాడు మొదటి రౌండ్‌లోనే చిక్కుతాడు. అప్పుడు మిగతా ముగ్గురూ కొట్టడం ఆపి ఆలోచిస్తారు.

దుబాసీనీ అమీనునీ పక్కపక్కన పెట్టి చూడు. ఇద్దరూ ఒకే గీత మీద పెరిగారు. ఆమె అటూ ఇటూ మాట చేరవేస్తుంది, అతను రెండు వైపులనీ మూసేస్తాడు. హీరో ఎదురుగా విలన్ అడిగే ప్రశ్నా, హీరో అడిగే ప్రశ్నా ఒకటే అవ్వాలి. అప్పుడు వాళ్ళు మాట్లాడుకోవడానికి ఏదో ఉంటుంది.

ఇంకొక పని తప్పకుండా చెయ్యి. హీరోలు ఇంట్లో పడుకుంటే అమీను ఏం చేస్తాడో వారం వారం రాసి పెట్టుకో. మొదటి వారం ఒక పొలం. రెండో వారం నది ఒడ్డు పాక ఒకటి, లోపల ముసలమ్మతో సహా. మూడో వారం సంత. నాలుగో వారం వంతెనకి ఇవతలి ఊరంతా. మధ్యలో హీరోలు అడ్డం వస్తే పథకం మారుతుంది, ఆగదు. రెండు వారాలు కూర్చుని పోరాటం రాయడం కంటే అరగంట కూర్చుని ఇది రాసుకోవడం మేలు. పోరాటం ఎలా నడుస్తుందో మన చేతిలో ఉండదు, విలన్ పొద్దున్నే లేచి ఏం చేస్తాడో మన చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవాణ్ణి

అన్నా, చాలా థాంక్స్. అమీనుని వాడుకోవచ్చా? ఇంకో రెండు సందేహాలు. మా వాళ్ళలో ఒకడు తన హీరోకి తిత్లీ తుఫాను రాత్రి గాలి శక్తి వచ్చిందని రాద్దామంటున్నాడు. ఆ తుఫాను తెప్పించింది ఒక విలన్ అని కూడా పెడదామంటున్నాడు. ఇంకొకడు సవర మంత్రగత్తె కావాలంటున్నాడు. రెండూ పెట్టొచ్చా?

జవాబు (గుణుపురం)

వాడుకో బాబూ, అందుకే రాశాను. తుఫాను సంగతి మాత్రం పాతపట్నం అక్క చెప్తేనే బాగుంటుంది.

జవాబు (పాతపట్నం)

తమ్ముడూ, తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున మా జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి తోటలూ కూకటివేళ్ళతో పడిపోయాయి. మీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు. మీ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళలో ఎవరింట్లో ఏం పోయిందో నీకు తెలుసా? ముందు ఒక్కొక్కళ్ళని విడిగా అడుగు. అందరి ముందూ అడిగితే 'పర్లేదు' అనేస్తారు. ఒక్కరు వద్దన్నా ఆ పేరు తీసేసి ఊహించిన తుఫాను పెట్టు.

హీరోకి ఆ రాత్రి శక్తి రావడం నాకు ఇబ్బందిగా లేదు. గాలి వచ్చిందని కాదు, ఆ రాత్రి ఎవరినో పట్టుకోబోయి పట్టుకోలేకపోయాడని రాయించు. శక్తి ఆ చేతికి వస్తుంది. కానీ తుఫానుని విలన్ తెప్పించాడని మాత్రం పెట్టొద్దు. చనిపోయినవాళ్ళ బాధకి మనం ఒక దొంగ కారణం అతికించినట్టవుతుంది. విలన్ కావాలంటే తుఫాను తర్వాత వచ్చినవాణ్ణి పెట్టు. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. అప్పుడు టార్పాలిన్లు దాచి మూడింతల ధరకి అమ్మేవాడు. వాడికి పెద్ద శక్తి అక్కర్లేదు, దేన్నైనా నీడలో దాచేసే శక్తి చాలు. మా ఇంటి పక్కవాళ్ళ కోపమంతా వాడి మీదికి వస్తుంది, చూడు.

సవర మంత్రగత్తె వద్దు. కొండ మీద మనిషి అనగానే మంత్రం అనుకోవడం మనకి అలవాటైపోయింది, అది వాళ్ళకి గౌరవం కాదు. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో మంగేయి గొమాంగొ ఆ భాషకి సొరాంగ్ సోంపెంగ్ అనే లిపి చేశారు. గుణుపురం అన్న చెప్పిన గీత పడిన సంవత్సరమే! ఒక పక్క ఎవరో నేల మీద గీత గీస్తున్నారు, ఇంకో పక్క ఆయన అక్షరం గీస్తున్నారు. నీ ఆటగాడికి సవర హీరోయిన్ కావాలంటే ఇంజనీరింగ్ చదివే అమ్మాయిని చెయ్యి. ఆమె రాసిన అక్షరం రాసినచోటే నిలబడుతుంది, ఎవరూ చెరపలేరు. అమీను చెరిపేవాడు కదా, ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఏమవుతుందో నాకే చూడాలనుంది.

జవాబు (బరంపురం)

అక్క చెప్పినది నేనూ ఇప్పుడే నేర్చుకున్నాను. తమ్ముడూ, ఆ అక్షరాల శక్తికి క్రియేట్ ఎఫెక్ట్ (వస్తువుల్ని సృష్టించే శక్తి) వాడు, పవర్ లెవెల్ 8 కాబట్టి ర్యాంక్ 8 దాటనివ్వకు. అమీను గొలుసు ఆమె అక్షరాన్ని చెరపబోతే ఇద్దరి ర్యాంకులతో ఎదురుపాచిక వేయించు. ఎవరు గెలిచినా రెండో రౌండ్ దాకా ఫలితం చెప్పకు, ఊపిరి బిగపట్టి చూస్తారు.

ప్రశ్న అడిగినవాణ్ణి (ఆదివారం రాత్రి)

ఇప్పుడే ఆట అయింది. పదిన్నర దాటింది, అమ్మ రెండుసార్లు కిందనుంచి పిలిచింది.

పొద్దున్న విడివిడిగా అడిగాను. ఒకడు తిత్లీ పేరు వద్దన్నాడు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. తీసేశాను.

అమీను రెండో వారం పథకంతోనే మొదలుపెట్టాను, నది ఒడ్డు పాక. ముసలమ్మ లోపల ఉందని తెలిసేసరికి ఎవడూ కొట్టడానికి తొందరపడలేదు. ఒకడు గొలుసు లోపలికి దూకి మొదటి పాచికకే కదల్లేకుండా అయిపోయాడు. దుబాసీ లాంటి హీరోని మావాడొకడు తీసుకున్నాడు. వాడు పోయి అమీను చెయ్యి పట్టుకున్నాడు. నేనేమీ రాసుకోలేదు, టెన్షన్ వచ్చింది. అమీను నాన్న ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏం అనుకునేవాడో, అది వాడి గొంతుతో చెప్పించాను. మేడ మీద ఎవరూ మాట్లాడలేదు. అమీను గొలుసు వదల్లేదు కానీ పాక తలుపు తీశాడు. ముసలమ్మ బయటికి వచ్చింది, అతను నది దాటి వెళ్ళిపోయాడు. తలో హీరో పాయింట్ ఇచ్చాను, ఎవరూ గొడవపడలేదు. రెండు గంటల్లో మొత్తం మూడు దెబ్బలే పడ్డాయి.

గతం గుర్తులేని హీరో ఉన్నాడన్నాను కదా. ఆ హీరోని ఆడేవాడు ఆట అయిపోయి చెప్పులు వేసుకుంటూ ఆగాడు. 'వాడికి అమ్మ ఉంది రా' అన్నాడు. పాతపట్నంలో ఉంటుందట, జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుందట. వాడు కనబడకపోతే మొదట ఆమే వెతుకుతుందట. షీట్ వెనకాల పెన్సిల్‌తో రాసి నాకిచ్చి వెళ్ళాడు.