ఉగాది, డాలస్: ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల ప్రయాణ సమయాలు

రవాణా కమిటీ:
షీటులో "ప్రయాణ సమయం" గడి చూశాను. సగం మంది విమానం గాల్లో ఉండే సమయమే వేశారు. దాంతో మేకప్ రూం టైము తేల్చలేం. ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మన హాలుకు చేరేదాకా ఎంతో రాయండి.

హ్యూస్టన్‌నే చూడండి. షుగర్‌లాండ్ నుంచి హాబీ ఎయిర్‌పోర్టుకు 40 నిమిషాలు, అక్కడ గంటన్నర ముందుండాలి, టికెట్ మీద గంటా పది, దిగి బ్యాగు చేతికొచ్చేసరికి అరగంట, డాలస్ లవ్ ఫీల్డ్ ఎయిర్‌పోర్టు నుంచి హాలుకు 25 నిమిషాలు. మొత్తం నాలుగుంపావు గంటలు. ఐ-45 హైవే మీద కారులో సుమారు 260 మైళ్లు, ఒకచోట ఆగినా నాలుగున్నర. పావుగంట కోసం డాన్స్ పిల్లల్నీ, నగల పెట్టెల్నీ సెక్యూరిటీ లైనులో నిలబెట్టడం దండగ.

హ్యూస్టన్ కోఆర్డినేటర్:
శుక్రవారం సాయంత్రం బయల్దేరదాం అంటున్నారండి.

రవాణా కమిటీ:
వద్దండి. మూడు నుంచి ఏడు మధ్య ఉడ్‌లాండ్స్, కాన్రో దాటడానికే గంట అదనం. శనివారం తెల్లవారుజామున ఐదుకు కదిలితే రోడ్డు ఖాళీ. బస్సయితే కారు లెక్క వేయకండి, ఐదు గంటలు పెట్టుకోండి. మాడిసన్‌విల్‌లో "పది నిమిషాలే" అని ఆపినా, 50 మంది దిగి, బాత్రూం లైను దాటి, కాఫీలు పట్టుకుని ఎక్కేసరికి 40 నిమిషాలు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తలలు లెక్కపెట్టే మనిషి ఒకరుండాలి.

కేన్సస్ సిటీ కోఆర్డినేటర్:
మేం రాత్రి బస్సు అనుకుంటున్నాం. ఒక డ్రైవరు చాలతాడా?

రవాణా కమిటీ:
చాలడు. ఐ-35 మీద దాదాపు 550 మైళ్లు. బస్సుకు ఆగకుండా నడిపినా తొమ్మిది గంటలు దాటుతుంది. రాష్ట్రం దాటే ప్రయాణికుల బస్సుకు ఫెడరల్ రూలు ప్రకారం డ్రైవరు 10 గంటలకు మించి నడపకూడదు, తర్వాత వరసగా 8 గంటల విరామం ఉండాలి. ఓక్లహోమాలో ఎదురుగాలో, రోడ్డు పనులో తగిలాయంటే ఆ పది గంటలు దారిలోనే అయిపోతాయి. ఇద్దరు డ్రైవర్లని కాంట్రాక్టులోనే రాయించండి. మీకైతే విమానమే నయం, గాల్లో గంటన్నర, గుమ్మం నుంచి గుమ్మానికి ఐదు.

ఆతిథ్యం:
అట్లాంటా మృదంగం ఆయన ఎనిమిదికి ఎక్కి తొమ్మిదిన్నరకి దిగుతారట. గంటన్నరేగా?

రవాణా కమిటీ:
కాదక్కా, రెండున్నర. అట్లాంటా గడియారం మనకంటే గంట ముందు. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఎగిరే సమయం మాత్రం కాస్త తగ్గుతుంది. మృదంగం కేబిన్‌లోకి రానిస్తారు, పైన అరలో చోటుంటేనే. ముందు ఎక్కే గ్రూపు టికెట్ తీసుకోమనండి, చివర్లో ఎక్కితే కింద పెట్టెలతో పాటు పంపేస్తారు.

పికప్ వాళ్లకి: డాలస్‌లో ఎయిర్‌పోర్టులు రెండు. "డాలస్‌లో దిగుతున్నా" అంటే ఊరుకోకండి, డీఎఫ్‌డబ్ల్యూనా, లవ్ ఫీల్డా, డీఎఫ్‌డబ్ల్యూ అయితే ఏ టెర్మినల్ అని అడగండి. ల్యాండయ్యాక కాదు, బ్యాగులు తీసుకుని బయటికొచ్చాకే ఫోన్ చేయమనండి, అప్పటిదాకా సెల్ ఫోన్ లాట్‌లో (పికప్ కార్లు వేచి ఉండే పార్కింగ్‌లో) ఆగండి. 15 సీట్ల వ్యానులో పెట్టెలుంటే పదిమందికి మించి ఎక్కించకండి, వెనక వరస సామానుకే పోతుంది.

గడులు సరిచేసి గురువారం రాత్రిలోపు పెట్టండి. శుక్రవారం వ్యాన్లు బుక్ చేస్తాను.