ఇంటి నుంచి పెరట్లోని బోరు మోటారుకు కరెంటు లైను: అడుగు లోతున పూడిస్తే చాలునా?

ప్రశ్న: మా పెరట్లో ఇంటికి పాతిక మీటర్ల దూరాన ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ బోరు మోటారు, దాని పక్కనే స్నానాలగది ఉన్నాయి. ఇంట్లో వాడే వైరునే పీవీసీ పైపులో పెట్టి అడుగు లోతున పూడిస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఇది నిబంధనలకు లోబడినదేనా?

సమాధానం: కాదండి, దయచేసి ఒప్పుకోకండి. భూమిలో కేబుళ్లు వేసే పద్ధతిని నిర్దేశించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం మన ఇళ్ల వోల్టేజీకి కేబులు పైన కనీసం 75 సెంటీమీటర్ల లోతు, రోడ్డు దాటేచోట మీటరు లోతు ఉండాలి. పైపు అతుకుల్లోంచి వాననీరు దిగుతుంది, గునపం పోటుకు పైపు నిలవదు. కనుక ఆర్మర్డ్ కేబులే, అంటే ఉక్కు తొడుగు ఉన్నదే వేయించండి. మీ మోటారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి, మూడు కోర్లది (లోపల మూడు విడి తీగలున్నది) సరిపోతుంది. కందకంలో ఇసుక పరిచి, కేబులు వేసి, మళ్లీ ఇసుక పోసి, దానిమీద ఇటుకలు వరుసగా పేర్పించండి. రేపెవరైనా కొబ్బరిమొక్క కోసం తవ్వితే గునపం ముందు ఇటుకకే తగులుతుంది. మధ్యలో అతుకు వద్దు. మూడో కోరును ఒక చివర మోటారు బాడీకి, రెండో చివర బోర్డులోని ఎర్తుకు కలపాలి; కేబులు ఉక్కు తొడుగునూ ఆ ఎర్తుకే కలపాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి. తడి నేలపై నిలబడ్డ మనిషి ఒంట్లోంచి పదో వంతు ఆంపియరు పారినా ప్రాణం పోవచ్చు, కానీ ఓవర్‌లోడు అయితే పడిపోయే స్విచ్చి అయిన 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అయితే ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును ఆపదు కాబట్టి రెండూ ఉండాలి.

ప్రశ్న: పాత లైనుకు ఆర్‌సీసీబీ పెట్టిస్తే మోటారు వేయగానే పడిపోయేది, అందుకని తీసేశారు. మళ్లీ అలాగే అవుతుందేమో?

సమాధానం: పడిపోవడానికి కారణం వెతక్కుండా దాన్ని తీసేయడమే చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. ఈ లైను న్యూట్రలును వేరే సర్క్యూటు న్యూట్రలుతో కలిపి ఉండవచ్చు, లేదా బోరులోని కేబులు అతుకులో గానీ మోటారు వైండింగులో గానీ తేమ చేరి ఉండవచ్చు. న్యూట్రలును విడిగా తీయించి, మోటారును, కేబులును మెగ్గరుతో (ఇన్సులేషన్ దెబ్బతిన్నదేమో చూసే మీటరుతో) పరీక్షించమని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును అడగండి. లోపం సరిచేశాక ఆర్‌సీసీబీ పెట్టించి, దాని టెస్టు బటను నొక్కితే వెంటనే పడిపోతోందో లేదో ఆయన ముందే చూసుకోండి.