అప్‌డేట్: రైబోన్యూక్లియేజ్ డౌట్ తీరింది

రైబోన్యూక్లియేజ్ (RNAను కోసే ఎంజైమ్, ఒక ప్రోటీన్) మడతలను విప్పడానికి యూరియా ఒక్కటే చాలదా, మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం గూడ ఎందుకు అని మొన్న అడిగిన కదా. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్. డైసల్ఫైడ్‌లు (రెండు సల్ఫర్ పరమాణువుల నడుమ బంధాలు) చూడమని ఒక అన్న చెప్పిన మాటే కరెక్ట్. నల్లగొండల మా మేడమ్ గూడ బోర్డు మీద గీసి అదే చెప్పిన్రు.

దీంట్ల 124 అమైనో ఆమ్లాలు, అందుల 8 సిస్టీన్లు (సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లం). అవి జతలు కట్టి 4 డైసల్ఫైడ్ బంధాలైతయి. యూరియా హైడ్రోజన్ బంధాలను, లోపలి హైడ్రోఫోబిక్ (నీళ్లంటే పడని భాగాల) పట్టును సడలిస్తది. డైసల్ఫైడ్‌లు దానికి లొంగవు, కుట్లేసినట్టు పట్టుకుంటయి. వాటిని తెంచేది మెర్కాప్టోఇథనాలే.

నాకు నచ్చిందేందంటే, యూరియా ఉండంగనే మెర్కాప్టోఇథనాల్ తీసేస్తే సిస్టీన్లు ఎట్లపడితే అట్ల జతకడ్తయి. అట్ల 105 రకాలుగ కలవొచ్చు, పనికొచ్చేది ఒక్కటే!

చతుర్థ నిర్మాణం (వేరువేరు గొలుసులు కలిసి కట్టే రూపం) ముచ్చట ఇక్కడ అక్కర్లేదు, ఉన్నది ఒక్క గొలుసే. అమైనో ఆమ్లాలను గొలుసుగ కలిపే పెప్టైడ్ బంధాలు తెగనే తెగవు, ప్రాథమిక నిర్మాణం (అమైనో ఆమ్లాల వరుస) అట్లనే ఉంటది.