వేలిముద్రతో ఖాతాలో డబ్బు పోయింది: ఆధార్ బయోమెట్రిక్ లాక్ వేసుకున్నవారి అనుభవాలు చెప్పగలరు

కృష్ణాతీరం:
మా నాన్నగారి ఖాతాలోంచి రెండు రోజుల్లో 10,000 చొప్పున రెండు విడతలుగా 20,000 రూపాయలు పోయాయి. ఆయనకు ఏటీఎం కార్డు లేదు, ఫోన్‌లో డబ్బు పంపే అలవాటూ లేదు. అయినా బ్యాంకులో మొదట అడిగిన మాట "ఓటీపీ ఎవరికి చెప్పారు?" అనే. పాస్‌బుక్ ప్రింటు వేయించి చూస్తే రెండు పద్దుల దగ్గరా ఏఈపీఎస్ అని ఉంది. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఏ ఊళ్లోని మినీ ఏటీఎం దగ్గరైనా పిన్ లేకుండా, ఓటీపీ రాకుండా డబ్బు తీసే పద్ధతి అది. ఆయన ముద్ర బయటికి ఎలా వెళ్లిందా అని బీరువాలోంచి పాత అమ్మకపు దస్తావేజు తీశాను. ఒక పేజీలో ఆయన ఫొటో, పక్కనే గీతలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఎడమ బొటనవేలి ముద్ర, ఇంకో పేజీలో పన్నెండు అంకెల ఆధార్ సంఖ్య పూర్తిగా ఉన్నాయి. ఇదే కారణమని రుజువు చేయలేను. కానీ అమ్మ ఆధార్‌కైనా, వేలిముద్రతో ధ్రువీకరణ జరగకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ ఇప్పుడే వేయాలనుకుంటున్నాను. వేసుకున్నవారికి ఇబ్బందులేమైనా వచ్చాయా?

మానేరు ఒడ్డు:
మీ అనుమానం ఊరికే పుట్టింది కాదండి. 2018లో మా పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దింపుకుని, వాటిలోని వేలిముద్రలకు రబ్బరుతో నకళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్న కేసులో పట్టుబడ్డాడు. తర్వాత అదే విద్య బ్యాంకు ఖాతాల మీదికి మళ్లింది. అందుకే టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో నాన్నగారి పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో కూడా చూడండి. ఆయనవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
లాక్ సంగతి తర్వాత, ముందు ఫిర్యాదు చేశారా? సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మూడో వ్యక్తి వల్ల జరిగినప్పుడు, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుపై నష్టభారం పడదు. ఓటీపీ ప్రశ్న దగ్గరే నిరుత్సాహపడి వెనక్కి వచ్చేసిన పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మైఆధార్ పోర్టల్‌లో గత ఆరు నెలల్లో ఆధార్‌ను ఎప్పుడెప్పుడు ధ్రువీకరణకు వాడారో తేదీ, సమయంతో సహా కనిపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసి ఫిర్యాదుకు జతచేయండి. డబ్బు తీసిన సమయంలో మీ నాన్నగారు ఊళ్లోనే ఉన్నారని చూపగలిగితే మీ మాటకు బలం వస్తుంది.

ఖమ్మం కోడలు:
మా అత్తమ్మకు నేనే లాక్ వేశాను. మైఆధార్‌లో ఓటీపీ తెప్పించుకుని, బయోమెట్రిక్ లాక్ వేయాలి. ఆధార్‌కు ఫోన్ నంబరు జతచేసి లేకపోతే ఏదీ కుదరదు. మొదటి నెలలోనే చిక్కు వచ్చింది. రేషన్ దుకాణంలో ఆమె నాలుగుసార్లు వేలు పెట్టినా ఈ-పోస్ యంత్రం తీసుకోలేదు. ముసలితనంతో గీతలు అరిగిపోయాయని డీలర్ చెబితే నిజమేననుకుని, మండుటెండలో ఖాళీ సంచితో ఇంటికి వచ్చేశారు. తెరపై పడిన 330 అనే ఎర్రర్ సంఖ్యను పక్కనున్నవారు చెప్పాక గానీ అది లాక్ వల్ల వచ్చిందని నాకు తెలియలేదు. ఇప్పుడు రేషన్ రోజున నేను వెంట వెళ్లి, వరుసలో ఆమె వంతు రాగానే తాత్కాలికంగా లాక్ తీస్తాను. కాసేపటికి అదే మళ్లీ పడిపోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇది చేసిపెట్టే మనిషి లేకపోతే, లాక్ వేసి వదిలేయడం వారి బియ్యానికీ పింఛనుకీ అడ్డుపడటమే అవుతుంది. అలాంటివారి పొదుపు సొమ్మును, ఆధార్ జతచేయని వేరే ఖాతాలో ఉంచడం నయమని నా అభిప్రాయం.

డాలస్ నుంచి:
మా అమ్మానాన్నలకు ఇక్కడి నుంచే వీడియో కాల్‌లో ఓటీపీ చెప్పించుకుని లాక్ వేశాను. లాడ్జీలకు, అద్దె ఇళ్లకు ఇచ్చే జిరాక్సుల స్థానంలో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింట్లు తీయించి పెట్టాను.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. డబ్బు తీసినట్లు సందేశం వచ్చిన రెండో రోజునే 1930కీ, బ్యాంకుకూ చెప్పాము కాబట్టి గడువులోనే ఉన్నాము. నిన్న బ్యాంకులో రసీదు కూడా తీసుకున్నాను. పోర్టల్‌లో చూస్తే ఆ రెండు రోజుల్లోనే మొత్తం ఐదు ప్రయత్నాలు జరిగాయి, మూడు విఫలమయ్యాయి. అమ్మకు లాక్ వేశాను. రేషన్ తేదీకి నేను ఊళ్లో ఉండను కనుక, తాత్కాలికంగా లాక్ తీయడం ఈ రాత్రి తమ్ముడికి నేర్పిస్తాను.